ఫోటో ఎడిటింగ్ ప్రోగ్రాం ఎంచుకోవడం ఎలా: మీ ఫోటోలతోనే తూచి చూడండి

ఏ ఎడిటింగ్ ప్రోగ్రాం మంచిదని ఎవరిని అడిగినా తాము వాడుతున్నదాని పేరే చెబుతారు. ఏళ్ల తరబడి చేతికి అలవాటైన పనిముట్టు ఎవరికైనా మంచిదిగానే కనిపిస్తుంది. అయితే మాఘమాసం ముహూర్తాల్లో ఊపిరి సలపని స్టూడియో అవసరం వేరు, పులికాట్ ఒడ్డున తెల్లవారకముందే రాజహంసల కోసం కాచుకునే వ్యక్తి అవసరం వేరు. సభ నుంచే పత్రికకు ఫోటో పంపాల్సిన విలేకరి అవసరం ఈ రెండింటికీ దూరం. అందుకే ఇక్కడ అందరికీ పనికొచ్చే ఒక్క పేరు చెప్పడం లేదు. మీ పనికి ఏది సరిపోతుందో మీరే తేల్చుకునే పద్ధతి చెబుతాను. అందులో రెండు విషయాల మీద నాకు గట్టి నమ్మకం ఉంది. మీరు తీసిన కష్టమైన ఫోటోలతో పరీక్షించకుండా ఏ ప్రోగ్రామూ కొనకూడదు. ఒకదాంట్లోకి వెళ్లేముందే దానిలోంచి బయటికి వచ్చే దారి చూసుకోవాలి.

1. మీ పనిని విడదీయండి

ఫోటో ఎడిటింగ్ అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో నాలుగు పనులున్నాయి. కార్డులోంచి దింపిన వేల ఫోటోల్లో పనికొచ్చేవి ఏరడం ఒకటి. ఏరినవాటి రా ఫైళ్లకు (కెమెరా నమోదు చేసిన సమాచారాన్ని జేపెగ్‌గా కుదించకుండా దాచిన ఫైళ్లు) వెలుగు, రంగు సరిచేయడం ఇంకొకటి. ఒక్కో ఫోటో ముందు కూర్చుని మచ్చలు తీయడం, కరెంటు తీగలు చెరపడం, బ్యాక్‌గ్రౌండ్ మార్చడం మూడోది. ఆల్బమ్ షీట్లు, శుభలేఖలు, ఫ్లెక్సీలు కూర్చడం నాలుగోది.

ఫోటోషాప్ 1990లో వచ్చింది. ఒక్కో చిత్రం తెరిచి దాని మీద పనిచేయడానికి పుట్టిన ప్రోగ్రాం అది, అంటే పై నాలుగింటిలో చివరి రెండు పనులకు. డిజిటల్ కెమెరాలతో ఒక్క రోజులో వేల ఫోటోలు చేతికి రావడం మొదలయ్యాక ఒక్కోదాన్నీ తెరిచి సరిచేయడం కుదరని పనైంది. ఆ ఇబ్బందిని తీర్చడానికే అదే అడోబీ సంస్థ 2007లో లైట్‌రూమ్ తెచ్చింది. లైట్‌రూమ్, క్యాప్చర్ వన్, డార్క్‌టేబుల్ వంటివి అసలు ఫైలును ముట్టుకోవు. మీరు చేసిన మార్పులను సూచనలుగా రాసిపెట్టుకుని, ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు కొత్త ఫైలు తయారుచేస్తాయి. ఒక ఫోటోకు చేసిన సవరణను మూడు వందల ఫోటోలకు ఒకేసారి అంటించగలగడం దీనివల్లనే సాధ్యమైంది. ఫోటోషాప్ మంచిదా, లైట్‌రూమ్ మంచిదా అన్న ప్రశ్నకు జవాబు దొరకకపోవడానికి కారణం ఇదే. అవి ఒకే పని చేసేవి కావు.

ఈ మధ్య పూర్తిచేసిన ఒక పని తీసుకుని, ఈ నాలుగింటిలో దేనికి ఎన్ని గంటలు పోయాయో కాగితం మీద రాయండి. చాలామంది పెళ్లి ఫోటోగ్రాఫర్లకు ఏరడం దగ్గరే రోజులు గడిచిపోతాయి. అలాంటివారు రంగుల కోసం ఖరీదైన ప్రోగ్రాం కొన్నా గంటలు తగ్గవు. వారికి ఫోటో మెకానిక్ లాంటిది పనికొస్తుంది. అది రా ఫైలును విప్పుతూ కూర్చోదు. ఫైలు లోపల కెమెరా దాచిన జేపెగ్‌నే చూపిస్తుంది కాబట్టి బాణం గుర్తు నొక్కిన వెంటనే తర్వాతి ఫోటో వస్తుంది. పత్రికల ఫోటోగ్రాఫర్లు దాన్ని ఇష్టపడేది ఈ వేగానికీ, శీర్షికలూ వివరాలూ చకచకా రాసే వీలుకూ.

మీరు ఇంకా జేపెగ్‌లోనే తీస్తుంటే ముందు ఆ సంగతి తేల్చుకోండి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 స్థాయిలే ఉంటాయి, 14 బిట్ల రా ఫైలులో 16,384. రా తీయకుండా రా ప్రోగ్రాంల మధ్య తేడా వెతకడం వృథా. రా తీయడం మొదలుపెట్టి, ఆ తర్వాత కింది మెట్లు ఎక్కండి.

2. కెమెరా, కంప్యూటర్, తెర

మీ కెమెరా మోడల్‌ను ఆ ప్రోగ్రాం గుర్తిస్తుందో లేదో మొట్టమొదట చూడండి. ప్రతి తయారీదారు సైటులోనూ కెమెరాల జాబితా ఉంటుంది. కొత్త కెమెరా కొన్నవారికి పాత వెర్షన్లో ఫైళ్లే తెరుచుకోకపోవడం మామూలే. అలాంటప్పుడు అడోబీ ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ కన్వర్టర్‌తో ఫైళ్లను డీఎన్‌జీ అనే రా రకంలోకి మార్చుకుని పాత ప్రోగ్రాంతోనే నెట్టుకురావచ్చు. కెమెరాలో రా కంప్రెషన్ రకాలు రెండు మూడు ఉంటే, మీరు వాడే రకానికే మద్దతు ఉందో లేదో విడిగా చూసుకోండి. మోడల్ పేరు జాబితాలో ఉన్నంత మాత్రాన అన్ని రకాలూ తెరుచుకుంటాయని లేదు.

కంప్యూటర్‌లో 8 జీబీ ర్యామ్ ఉంటే ఏదైనా నడుస్తుంది గానీ ఓపిక కావాలి. 16 జీబీ ఉంటే పని సాఫీగా సాగుతుంది. ఫోటోలోని గరుకు చుక్కలను, అంటే నాయిస్‌ను, తీసే ఇప్పటి సాధనాలు గ్రాఫిక్స్ కార్డు మీద ఆధారపడ్డాయి. అది లేని ల్యాప్‌టాప్‌లో ఒక్కో ఫోటోకు నిమిషాలు పట్టవచ్చు. లినక్స్ వాడేవారికి ఎంపిక సులువు: అడోబీ, క్యాప్చర్ వన్, డీఎక్స్‌ఓ సంస్థల ప్రోగ్రాంలు అక్కడ లేవు. డార్క్‌టేబుల్, రాథెరపీ, గింప్, డిజీక్యామ్ ఉన్నాయి.

తెర గురించి మాత్రం ఆగి చెప్పాలి. తక్కువ ధర ల్యాప్‌టాప్‌ల వివరాల్లో తెర రంగుల పరిధి 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉంటుంది. అంటే మామూలు ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో చాలా భాగాన్ని ఆ తెర చూపలేదు. కుంకుమ ఎరుపు, బంతిపూల నారింజ అందులో వెలిసిపోయి కనిపిస్తాయి. వెలిసిందని మీరు రంగు పెంచుతారు, ల్యాబ్ నుంచి వచ్చిన ప్రింటులో ముఖాలు ఎర్రబడతాయి. ఇలాంటి తెర మీద ఏ రెండు ప్రోగ్రాంలనూ పోల్చలేం. చేతిలో ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతే ప్రోగ్రాం ఉచితమైనది తీసుకుని, ఎస్‌ఆర్‌జీబీని పూర్తిగా చూపే మానిటర్ కొనమని చెబుతాను. రంగులు కొలిచే కాలిబ్రేటర్‌ను ఊళ్లో ముగ్గురు నలుగురు ఫోటోగ్రాఫర్లు కలిసి కొనుక్కుని చేతులు మార్చుకోవచ్చు.

3. పరీక్షకు ఫోటోలు ఏరండి

ప్రకటనల్లో చూపే ఫోటోలు ఆ ప్రోగ్రాంకు బాగా వచ్చేవే. మిమ్మల్ని ఏడిపించిన ఫోటోలు మీ హార్డ్ డిస్కులో ఉన్నాయి. వాటిలోంచి పది పన్నెండు రా ఫైళ్లు ఒక ఫోల్డర్‌లో పెట్టండి. మన పెళ్లిళ్లు తీసేవారైతే కింది సందర్భాలు తప్పక ఉండాలి.

మంగళస్నానం ఫోటో, ఎండలో తీసినది. పసుపు పూసిన ముఖం, చుట్టూ బంతిపూలు. ఫోటోలో ప్రతి రంగూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు చానళ్ల కలయిక. పసుపు రంగులో ఎరుపు, ఆకుపచ్చ చానళ్లు ముందే నిండిపోతాయి, నీలం దాదాపు ఉండదు. వెలుగు తగ్గించి చూడండి. పువ్వు రేకుల గీతలు తిరిగి కనిపిస్తున్నాయా, లేక రంగు ముద్దలా ఉండిపోయిందా? పసుపు నిమ్మపండు రంగులోకి జారుతోందా? ఒకే ఫైలును రెండు ప్రోగ్రాంలలో తెరిస్తే ఇక్కడ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎందుకంటే నిండిపోయిన చానళ్లను తిరిగి ఎలా కట్టాలన్నది ఒక్కో తయారీదారు ఒక్కో విధంగా రాసుకున్నారు.

జీలకర్ర బెల్లం వేళ తీసినది. వీడియో లైటు ఒక పక్క తెల్లగా, మండపం బల్బులు మరో పక్క పసుప్పచ్చగా, మధ్యలో హోమం పొగ. ఫోటో మొత్తానికి ఒకే వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా చేసే సర్దుబాటు) ఇక్కడ కుదరదు. ముఖాలను మాత్రమే ఎంచుకుని, అంటే మాస్కు చేసి, వాటి రంగు వేడిని విడిగా మార్చగలరా, ఆ మాస్కును తర్వాతి యాభై ఫోటోలకు అంటిస్తే అది కొత్త ముఖాలను వెతికి పట్టుకుంటుందా అన్నది చూడండి. లైట్‌రూమ్‌లో ఫోటోలోని ముఖ్య విషయాన్నీ ఆకాశాన్నీ తానే గుర్తించే మాస్కులు 2021 నుంచి, మనుషులను విడిగా గుర్తించేవి 2022 నుంచి ఉన్నాయి, ఈ పనిలో అవి చాలా సమయం మిగుల్చుతాయి. పట్టుచీర ఎరుపు మీద జరీ మెరుపు విడిగా నిలిచిందో లేదో కూడా ఇదే ఫోటోలో చూడవచ్చు.

రిసెప్షన్ ఫోటో, ఊదా రంగు ఎల్‌ఈడీ లైట్ల కింద. నీలం చానల్ నిండిపోయి ఆకుపచ్చ దాదాపు ఖాళీగా ఉండటం వల్ల ముఖం మీద రంగు మచ్చలు మచ్చలుగా, గట్టి అంచులతో విరిగిపోతుంది. ఏ ప్రోగ్రామూ దీన్ని పూర్తిగా బాగుచేయలేదు. ఏది తక్కువ పాడుచేస్తుందో చూడటమే.

ఇక గ్రూప్ ఫోటో. చామనచాయ తాతగారు, తెల్లని మనవరాలు, నల్లని మేనమామ, ముగ్గురూ పక్కపక్కన ఉన్నది ఎంచుకోండి. ఆటో బటన్ నొక్కండి, పోర్ట్రెయిట్ ప్రీసెట్ (ముందే సిద్ధం చేసిన సవరణల కట్ట) ఒకటి వేయండి. ముగ్గురి రంగూ ఒకేలా తెల్లబడితే ఆ ప్రీసెట్ మనకు పనికిరాదు. ఈ విషయంలో నేను రాజీపడను. మనిషి మేనిఛాయను అడగకుండా మార్చేసే సాధనాన్ని అలవాటు చేసుకుంటే, కొంతకాలానికి ఆ తెలుపే సరైనదని మన కంటికి అనిపించడం మొదలవుతుంది. పెళ్లికూతురి ఫోటోలో పెళ్లికూతురే కనిపించాలి. ఎరుపు, పసుపు పాళ్లను చర్మం మీద మాత్రమే సున్నితంగా సర్దే సాధనం క్యాప్చర్ వన్‌లో చాలా బాగుంటుంది. పోర్ట్రెయిట్లే వృత్తిగా ఉన్నవారు అక్కడ కొంతసేపు గడపాలి.

వన్యప్రాణులు తీసేవారు చీకట్లో అధిక ఐఎస్‌ఓతో తీసిన ఒక పక్షి ఫోటో పెట్టుకోండి. నేలపట్టులో సూర్యోదయానికి ముందు తీసిన గూడబాతు అనుకుందాం. నాయిస్ తీశాక ఈకల పీచు నిజంగా మిగిలిందా, లేక ప్రోగ్రాం తనకు తోచిన ఈకలు గీసిందా? నూటికి నూరు శాతం పెద్దది చేసి, పక్కనే అసలు ఫైలు పెట్టి చూస్తేనే తెలుస్తుంది. డీఎక్స్‌ఓ ఫోటోల్యాబ్‌లోని డీప్‌ప్రైమ్, 2023లో లైట్‌రూమ్‌కు వచ్చిన డీనాయిస్ రెండూ ఈ పనిలో ముందున్నాయి.

గుళ్లు, కట్టడాలు తీసేవారికి వైడ్ లెన్సుతో తీసిన రాతి స్తంభాల ఫోటో కావాలి, లేపాక్షి మండపం లాంటిది. స్తంభాలు నిటారుగా వస్తున్నాయా, మూలల్లో చీకటి పోతోందా అన్నది లెన్స్ ప్రొఫైల్ మీద, అంటే ఆ లెన్సు లోపాలను సరిచేసే కొలతల మీద ఆధారపడుతుంది. డీఎక్స్‌ఓ సంస్థ కెమెరా, లెన్సుల జోడీలను తన ప్రయోగశాలలో కొలిచి ప్రొఫైళ్లు తయారుచేస్తుంది. డార్క్‌టేబుల్, రాథెరపీ వాడేది లెన్స్‌ఫన్ అనే స్వచ్ఛంద సేకరణను. మీ లెన్సు అందులో ఉంటే ఇబ్బంది లేదు, లేకపోతే చేత్తో సరిచేసుకోవాలి.

4. ఏవేవి పరీక్షించాలి

అన్నీ పరీక్షించాలనుకుంటే ఏదీ పూర్తికాదు. రెండు, మహా అయితే మూడు తీసుకోండి.

లైట్‌రూమ్ క్లాసిక్, ఫోటోషాప్ జంట ఎక్కువమంది దారి. తెలుగులో పాఠాలు దొరుకుతాయి, సందేహం వస్తే పక్క ఊరి ఫోటోగ్రాఫర్ చెప్పగలడు, ఆల్బమ్ డిజైనర్లు వాడే పీఎస్‌డీ (ఫోటోషాప్ సొంత ఫైలు రకం) టెంప్లేట్లు ఏ మార్పూ లేకుండా తెరుచుకుంటాయి. అడోబీ 2013 నుంచి చందా పద్ధతికి మారింది కాబట్టి వాడినంతకాలం కడుతూనే ఉండాలి. ఫోటోలో లేనిదాన్ని కొత్తగా సృష్టించే జెనరేటివ్ సాధనాలు చిత్రాన్ని సంస్థ సర్వర్లకు పంపి పనిచేస్తాయి. నెట్ లేనిచోట అవి నడవవు. పైగా ఒక కుటుంబం నమ్మి ఇచ్చిన ఫోటోలు మన కంప్యూటర్ దాటి వెళుతున్నాయని తెలిసి వాడాలి.

క్యాప్చర్ వన్ స్టూడియోలో కెమెరాను కేబుల్‌తో కలిపి తీసేవారికి మొదటి ఎంపిక. ఫోటో తీసిన క్షణాల్లో తెర మీదికి వస్తుంది, పట్టుచీరల దుకాణానికి కేటలాగ్ తీసేటప్పుడు యజమాని పక్కనే నిలబడి చూడవచ్చు. అందులో సెషన్ అనే ఏర్పాటు ఉంది: ఒక్కో పనికి ఒక్కో ఫోల్డర్, అందులోనే తీసినవి, ఎంచినవి, ఎక్స్‌పోర్ట్ చేసినవి, పారేసినవి. పని ముగిశాక ఆ ఫోల్డర్‌ను ఎత్తి హార్డ్ డిస్కులో పెడితే సరి. ఈ పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. చందాగానూ, ఒకసారి కొనుక్కునే లైసెన్సుగానూ దొరుకుతుంది.

డీఎక్స్‌ఓ ఫోటోల్యాబ్‌ను పక్షులు, రాత్రి దృశ్యాలు తీసేవారు తప్పక చూడాలి. ఒకసారి కొంటే ఆ వెర్షన్ మీదే.

డార్క్‌టేబుల్ 2009లో మొదలైన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. లోతు ఎక్కువ, అందుకే మొదటి వారం కష్టంగా ఉంటుంది. అందులో ఒకే పనికి నాలుగైదు మాడ్యూళ్లు కనిపిస్తాయి, వాటిలో దేన్ని వదిలేయాలో తెలియడమే సగం చదువు. ఎక్స్‌పోజర్, కలర్ క్యాలిబ్రేషన్, సిగ్మాయిడ్ లేదా ఫిల్మిక్‌లలో ఒకటి, లోకల్ కాంట్రాస్ట్ వరకు నేర్చుకుని మిగతావి కొన్నాళ్లు తెరవకండి. ఓపిక ఉన్న విద్యార్థికి ఇది ఫోటోలోని వెలుగు ఎలా పనిచేస్తుందో కూడా నేర్పుతుంది. రాథెరపీ కూడా ఉచితమే, సున్నితమైన వివరాలు బయటికి తీయడంలో దిట్ట. రెండింటినీ ఒక్కో సాయంత్రం చూసి, చేతికి ఏది అందితే అది తీసుకోండి.

రీటచ్‌కు ఫోటోషాప్ కాక గింప్, అఫినిటీ ఉన్నాయి. గింప్ 3.0 వెర్షన్ 2025 మార్చిలో వచ్చింది. ఫిల్టర్లు వేశాక కూడా వెనక్కి వెళ్లి మార్చుకునే వీలు అందులో కలిగింది. అఫినిటీని తయారుచేసిన సెరిఫ్‌ను 2024లో కాన్వా కొన్నది, 2025 అక్టోబరులో దాన్ని ఉచితం చేసింది. ఏఐ సాధనాలకు మాత్రం కాన్వా చందా కావాలి. శుభలేఖలు, ఫ్లెక్సీల కోసం సీఎంవైకేలో (ప్రింటింగ్ సిరాల రంగుల పద్ధతి) పనిచేయాల్సినవారికి గింప్ కన్నా అఫినిటీ సౌకర్యం.

కెమెరా కంపెనీలు ఉచితంగా ఇచ్చేవాటిని తీసిపారేయకండి. క్యానన్ డిజిటల్ ఫోటో ప్రొఫెషనల్, నికాన్ ఎన్‌ఎక్స్ స్టూడియో, సోనీ ఇమేజింగ్ ఎడ్జ్ నెమ్మదిగా నడుస్తాయి. కానీ కెమెరా వెనక తెరపై మీరు చూసిన రంగు అలాగే అందులో తెరుచుకుంటుంది. మిగతావాటిని దేనితో పోల్చాలో తెలియనప్పుడు దాన్నే కొలబద్దగా పెట్టుకోండి.

5. బయటికి వచ్చే దారి చూసుకోండి

ఈ మెట్టును దాదాపు ఎవరూ ఎక్కరు. ఆపిల్ సంస్థ 2005లో అపెర్చర్ అనే మంచి ప్రోగ్రాం తెచ్చింది. వృత్తి ఫోటోగ్రాఫర్లు తమ ఏళ్ల పనిని అందులో పెట్టుకున్నారు. 2014లో దాన్ని ఆపేస్తున్నట్టు సంస్థ ప్రకటించింది, 2019లో వచ్చిన మ్యాక్ ఓఎస్ కేటలినాలో అది అసలు తెరుచుకోలేదు. మన దగ్గర ఇంటింటా వాడిన పికాసాను గూగుల్ 2016లో నిలిపేసింది. పెద్ద సంస్థ చేసిందన్న ధీమా ఈ విషయంలో పనికిరాదు.

మీరు చేసిన పని రెండు చోట్ల ఉండవచ్చు. ప్రోగ్రాం సొంత కేటలాగ్‌లో (ఫోటోల వివరాలూ సవరణలూ దాచే దాని పట్టిక) ఒకటి, ఫోటో పక్కనే ఉండే చిన్న ఫైలులో ఇంకొకటి. లైట్‌రూమ్ క్లాసిక్ ముందుగా కేటలాగ్‌లో రాస్తుంది. కేటలాగ్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌ఎంపీ అనే పక్క ఫైలులోకి ఆటోమేటిక్‌గా రాయమనే గడి ఉంది, దాన్ని ఎంచుకుంటే అవి కూడా తయారవుతాయి. అయినా వర్చువల్ కాపీలు (ఒకే ఫోటోకు వేరే సవరణలతో పెట్టుకున్న రూపాలు), కలెక్షన్లు (మీరు కూర్చుకున్న ఫోటోల గుంపులు) వాటిలోకి రావు. డార్క్‌టేబుల్ మామూలుగానే ప్రతి ఫోటో పక్కన ఎక్స్‌ఎంపీ రాస్తుంది. రాథెరపీ, డీఎక్స్‌ఓ కూడా పక్క ఫైళ్లు రాస్తాయి, ఎవరి రకం వారిది.

పరీక్ష ఇలా చేయండి. మీ పన్నెండు ఫోటోల్లో కొన్నింటికి నక్షత్రాలు ఇవ్వండి. కీవర్డ్‌లుగా ఊరి పేరు, సందర్భం తెలుగులో రాయండి. శీర్షిక రాయండి. ఒకటి రెండింటికి గట్టిగా రంగులు మార్చండి. ఇప్పుడు ఆ ఫోల్డర్‌ను నకలు తీసి, ఫోటోలు సర్దిపెట్టుకునే డిజీక్యామ్‌లో గానీ మీరు పరీక్షిస్తున్న రెండో ప్రోగ్రాంలో గానీ తెరవండి. నక్షత్రాలు, కీవర్డ్‌లు, శీర్షికలు కనిపించాలి. కనిపించకపోతే ఆ సెట్టింగ్ ఎక్కడుందో వెతకండి, లేదని తేలితే ఆ ప్రోగ్రాం పట్ల జాగ్రత్త పడండి. రంగుల సవరణలు మాత్రం ఒకదాన్నుంచి మరొకదానికి సరిగా రావు. ఒక్కో ప్రోగ్రాం లెక్క వేరు కాబట్టి అది తీరని సమస్య. వాటిని దాటించడానికి ఉన్న దారి 16 బిట్ల టిఫ్‌గానో, పూర్తి సైజు జేపెగ్‌గానో ఎక్స్‌పోర్ట్ చేసుకోవడమే.

చందా ఆపితే ఏమవుతుందో కూడా ముందే తెలుసుకోండి. లైట్‌రూమ్ క్లాసిక్‌లో చందా ముగిశాక ఫోటోలు చూడవచ్చు, ఎక్స్‌పోర్ట్ చేయవచ్చు, డెవలప్ భాగం మూసుకుపోతుంది.

6. ట్రయల్ రోజులను వృథా పోనివ్వకండి

అడోబీ ఇచ్చే ట్రయల్ ఏడు రోజులే. చాలామంది డౌన్‌లోడ్ చేసిన రోజున నాలుగు ఫోటోలు తెరిచి, మిగతా రోజులు వేరే పనిలో పడిపోతారు. పరీక్ష ఫోల్డర్, ఒక పూర్తి ఈవెంట్ ఫైళ్లు, రెండు పాఠాల వీడియోలు సిద్ధం చేసుకున్నాకే ట్రయల్ మొదలుపెట్టండి. పెళ్లిళ్లు లేని ఆషాఢం ఇందుకు అనువైన కాలం.

మొదటి రోజు కీబోర్డ్ షార్ట్‌కట్లు నేర్చుకోవడానికే. రెండో రోజు పరీక్ష ఫోల్డర్. మూడో రోజు నుంచి అసలు పని: ఈవెంట్ ఫోటోలన్నీ ఏరండి, ఒకే వెలుగులో తీసినవాటికి ఒకదాని సవరణ మిగతావాటికి అంటించండి, మొత్తం ఎక్స్‌పోర్ట్ చేయండి. ఒక్కో దశకు పట్టిన సమయం మొదటి మెట్టులో రాసుకున్న కాగితం మీదే రాయండి. రెండో ప్రోగ్రాంకూ ఇవే ఫైళ్లు, ఇదే కాగితం. కొత్తదానిలో చేయి తిరగక కొంత సమయం ఎక్కువ పడుతుంది, దాన్ని దృష్టిలో పెట్టుకోండి. తర్వాతి ఫోటో రావడానికి పట్టే ఆలస్యం, ఎక్స్‌పోర్ట్ వేగం మాత్రం మీ అలవాటుతో మారేవి కావు. అవే అసలు లెక్క.

7. తెలుగు అక్షరం, ల్యాబ్ ప్రింటు

ఆల్బమ్ మీదా శుభలేఖ మీదా తెలుగు రాయాల్సినవారు ఈ పరీక్ష తప్పక చేయాలి. టెక్స్ట్ సాధనం తీసుకుని యూనికోడ్ ఫాంటులో "శ్రీరస్తు, కల్యాణలక్ష్మి, జ్యోత్స్న" అని రాయండి. ఒత్తులు కిందికి చేరకుండా పొల్లులుగా విడిపోతే ఆ ప్రోగ్రాంకు తెలుగు రాదన్నమాట. ఫోటోషాప్ పాత వెర్షన్లలో ఇలా జరిగితే ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగానికి వెళ్లి వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి, సర్దుకుంటుంది. గింప్‌లో తెలుగు ఏ సెట్టింగూ లేకుండానే సరిగా వస్తుంది. పాత టెంప్లేట్లు అను ఫాంట్లలో ఉంటే ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో పిచ్చి గీతలే కనిపిస్తాయి. అవి యూనికోడ్ కావు కాబట్టి కొత్త ఆల్బమ్‌లనైనా యూనికోడ్‌లో మొదలుపెట్టండి.

ఆల్బమ్ షీట్ 12 అంగుళాలు, 36 అంగుళాలు అనుకుంటే, అంగుళానికి 300 చుక్కల చొప్పున 3,600, 10,800 పిక్సెళ్లు అవుతుంది. మొత్తం సుమారు 3.89 కోట్ల పిక్సెళ్లు, 8 బిట్లలో ఒక్క పొరకే 110 ఎంబీ దాటుతుంది. పదిహేను పొరల టెంప్లేట్ తెరిచి మీ కంప్యూటర్ ఎలా ఉందో చూడండి. పీఎస్‌డీ ఫైళ్లు అఫినిటీ, గింప్ రెండింటిలోనూ తెరుచుకుంటాయి గానీ ఎఫెక్టులు, అడ్జస్ట్‌మెంట్ పొరలు అన్నీ ఉన్నవి ఉన్నట్టు రావు. మీ డిజైనర్ ఫోటోషాప్ వాడుతుంటే, టెంప్లేట్లు అటూ ఇటూ తిరుగుతుంటే, ఈ ఒక్క కారణమే నిర్ణయానికి చాలు.

చివరగా రెండు ప్రోగ్రాంలలో సవరించిన ఒకే ఫోటోను ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, మీరు ఎప్పుడూ ఇచ్చే ల్యాబ్‌లో రెండు ప్రింట్లు వేయించండి. ల్యాబ్ వారిని కరెక్షన్ చేయవద్దని ముందే చెప్పండి, లేకపోతే వారి ఆపరేటర్ చేతి పనిని పోలుస్తారు. తెర మీద గొడవపడిన తేడాలు కాగితం మీద మాయం కావడం చాలాసార్లు జరుగుతుంది.

8. డబ్బు లెక్క

నెల చందాను 60తో గుణించండి, అది ఐదేళ్ల ఖర్చు. ఒకసారి కొనే లైసెన్సు ధరకు, ఐదేళ్లలో వేసుకోబోయే ఒకటి రెండు అప్‌గ్రేడ్ల ధర కలపండి. ఈ రెండు అంకెలనూ మీ కాగితం మీద మిగిలిన గంటలతో పోల్చండి. ఒక్కో పెళ్లికి నాలుగు గంటలు మిగిల్చే ప్రోగ్రాం వృత్తిలో ఉన్నవారికి ఎంత చందా అయినా గిట్టుబాటే. ఆదివారాలు సరదాగా తీసేవారికి ఆ లెక్క వర్తించదు, వారు డార్క్‌టేబుల్, గింప్‌లతో హాయిగా ఉండవచ్చు.

క్రాక్ చేసిన ప్రోగ్రాంల గురించి సూటిగా చెప్పాలి. వాటిని ఎక్కించాలంటే యాంటీవైరస్ ఆపమంటారు. ఎవరు తయారుచేశారో తెలియని ఆ ఫైలును, కొన్ని వందల కుటుంబాల ఫోటోలున్న కంప్యూటర్‌లో తలుపు తీసి లోపలికి పిలుస్తున్నామన్నమాట. ఆ హార్డ్ డిస్కులు లాక్ అయిపోతే తిరిగి తీయలేని పెళ్లిళ్లు అవి. సమర్థమైన ప్రోగ్రాంలు ఉచితంగా దొరుకుతున్న కాలంలో ఆ అవసరం ఎవరికీ లేదు. ఇంకొకరి ఫోటో కాపీ కొడితే నొచ్చుకునే మనం ఇంకొకరి ప్రోగ్రాం కాపీ కొట్టకూడదు.

9. తేల్చుకుని, మెల్లగా మారండి

పెళ్లిళ్ల స్టూడియోకు, డిజైనర్‌తో పీఎస్‌డీలు నడిచేచోట, లైట్‌రూమ్ క్లాసిక్, ఫోటోషాప్ జంటకే నా ఓటు. కేటలాగులు, ఫ్యాషన్, స్టూడియో పోర్ట్రెయిట్లకు క్యాప్చర్ వన్. పక్షులవారికి డీఎక్స్‌ఓ, అది భారమైతే డార్క్‌టేబుల్. పత్రికా ఫోటోగ్రాఫర్‌కు ఫోటో మెకానిక్, దాని పక్కన ఏదైనా ఒక రా ప్రోగ్రాం. వార్తా చిత్రంలో వస్తువులు చెరపడం, చేర్చడం చేయకూడదు కాబట్టి రీటచ్ సాధనాలకు వారు డబ్బు పెట్టనక్కరలేదు. పాత ల్యాప్‌టాప్ ఉన్న విద్యార్థికి రాథెరపీ, గింప్. మీ పరీక్షల్లో వేరేది తేలితే నా ఓటును పక్కన పెట్టి మీ కాగితాన్నే నమ్మండి.

మారేటప్పుడు పాత ఫోటోలన్నీ కొత్తదానిలోకి లాగకండి. ఒక తేదీ పెట్టుకుని ఆ రోజు తర్వాత తీసినవి మాత్రమే కొత్త ప్రోగ్రాంలో చేయండి. సీజన్ మధ్యలో మాత్రం వద్దు. పాత చందా ఆపేముందు పూర్తయిన పనులన్నిటినీ పూర్తి సైజులో ఎక్స్‌పోర్ట్ చేసి, రా ఫైళ్లున్న ఫోల్డర్‌లోనే మరో ఫోల్డర్‌గా పెట్టండి. కేటలాగ్‌ను ఫోటోలున్న డిస్కులో కాక వేరే డిస్కులో బ్యాకప్ తీయండి. ఆ బ్యాకప్ నిజంగా తెరుచుకుంటుందో లేదో ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూశాకే పాతదాన్ని తీసేయండి.